విశాఖ నుంచి విమానం ఎక్కేవారికి: టికెట్ కొనడం నుంచి సామాను చేతికందే దాకా

విశాఖపట్నం విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దాటి లోపల కూర్చున్నాక అందరి చూపూ బయలుదేరే విమానాల పట్టిక మీదే ఉంటుంది. నేను మాత్రం వచ్చే విమానాల సంగతి చూస్తాను. పరవాడ ఫార్మా సిటీలో యంత్రాలు బిగించి, మరమ్మతు చేసే పనిలో ఉన్నాను. నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్, ముంబయి, అహ్మదాబాద్, ఢిల్లీ తిరగక తప్పదు. పదిహేనేళ్లుగా ఇదే వరస. ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఏదని ఎవరైనా అడిగితే, వచ్చే విమానాన్ని చూడటమే అని చెబుతాను.

కారణం ఇది. మన ఊరి నుంచి వెళ్లే విమానాల్లో చాలావాటికి విశాఖ మధ్యలో తగిలే మజిలీ. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వస్తాయి, జనాన్ని దింపుతాయి, అరగంట ముప్పావు గంటలో మనల్ని ఎక్కించుకుని వెనక్కి వెళ్తాయి. మీరు ఎక్కబోయే విమానం ఇంకా హైదరాబాద్‌లోనే నిలబడి ఉంటే, ఇక్కడ పట్టికలో ‘సమయానికే’ అని ఎంత పచ్చగా కనబడినా అది సమయానికి కదలదు. గాలిలో గంటా పది నిమిషాలు, నేల మీద అరగంట. ఈ రెండూ కలుపుకుంటే మీ విమానం ఎప్పుడు లేస్తుందో, ప్రకటన రాకముందే మీకు తెలిసిపోతుంది. టికెట్ కొనడం, సామాను సర్దుకోవడం, ఆలస్యమైతే అడగాల్సింది అడగడం, అన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతాయి. వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఏ విమానం ఎక్కాలి

టికెట్ ధర చూడటానికి ముందు బయలుదేరే వేళ చూడండి. ఒక్కో విమానం రోజులో ఐదారు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఎక్కడో పావుగంట జారితే, మధ్యాహ్నానికి అది అరగంట, రాత్రికి గంటన్నర అవుతుంది. ఆలస్యం వడ్డీలాగా పెరుగుతుంది తప్ప తరగడం అరుదు. అందుకే తప్పించుకోలేని పని ఉన్న రోజున ఉదయపు విమానమే తీసుకుంటాను, అది వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే. ఆసుపత్రి అపాయింట్‌మెంటు, ఇంటర్వ్యూ, వీసా, పెళ్లి ముహూర్తం, వీటిలో ఏది ఉన్నా రాత్రి విమానాన్ని నమ్ముకోకండి. ముందురోజే వెళ్లి ఉండటం ఇంకా మేలు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. అప్పుడు ఉత్తరాదిలో పొగమంచు. ఢిల్లీలో తెల్లవారుజామున ఆగిపోయిన విమానం మధ్యాహ్నం మన దగ్గరికి రావాల్సినదే కావచ్చు. విశాఖలో ఆకాశం అద్దంలా ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. ఆ రెండు నెలలూ ఢిల్లీ వెళ్లాల్సి వస్తే నేను తెల్లవారుజామున దిగే విమానాన్ని వదిలి, పదకొండు తర్వాత దిగేది చూసుకుంటాను.

ఎంచుకున్న విమానం నడవడిక తెలుసుకోవడం కష్టం కాదు. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో విమాన సంఖ్య కొడితే, గత వారం రోజులుగా అది ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో కనబడుతుంది. ఏడు రోజుల్లో నాలుగు రోజులు గంట జారిన విమానం ఎనిమిదో రోజు మన కోసం దిద్దుకోదు. టికెట్ కొనేముందు ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. పట్టేది రెండు నిమిషాలు. ప్రయాణం రోజున కూడా అదే యాప్‌లో, ఆ విమానం అంతకుముందు ఎక్కడుందో, ఇప్పుడు ఎక్కడికి చేరిందో చూడొచ్చు.

విశాఖకు మరో ప్రత్యేకత ఉంది. మనం వాడే రన్‌వే నౌకాదళానిది. ఐఎన్‌ఎస్ డేగా అనే వైమానిక స్థావరంలో పౌర విమానాలకు ఒక భాగం కేటాయించారు. విమానాల రాకపోకల నియంత్రణ కూడా నౌకాదళం చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఏ వేళకు కావాలంటే ఆ వేళకు విమానాలు పెంచుకునే వీలు ఇక్కడ లేదు. ఉన్న కొద్ది విమానాల్లో ఒకటి రద్దయితే పక్కనే మరొకటి ఉంటుందని లెక్క వేసుకోవద్దు. ఆ రోజుకి ఆ ఊరికి మొత్తం ఎన్ని విమానాలున్నాయో టికెట్ కొనేటప్పుడే ఒకసారి చూసి పెట్టుకోండి.

రెండో మెట్టు: టికెట్ కొనడం

విశాఖ నుంచి నేరుగా విమానం లేని ఊరికి వెళ్లాలంటే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మారాలి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఒక సంస్థలో హైదరాబాద్ దాకా, మరో సంస్థలో అక్కడి నుంచి పుణె దాకా విడివిడిగా కొంటే తొమ్మిది వందలు మిగులుతున్నాయని నేనూ ఒకసారి అలా కొన్నాను. మధ్యలో రెండు గంటల వ్యవధి. విశాఖకు రావాల్సిన విమానమే గంటా యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో దిగి పరుగెత్తేసరికి రెండో సంస్థ కౌంటర్ మూసేసి ఉంది. వాళ్ల లెక్కలో నేను రాని ప్రయాణికుణ్ణి. మొదటి సంస్థ లెక్కలో నన్ను హైదరాబాద్ చేర్చడంతో వాళ్ల పని అయిపోయింది. నిబంధన ప్రకారం ఇద్దరి మాటా సరైనదే. మరుసటి ఉదయానికి కొత్త టికెట్ కొన్నాను. ఆ రాత్రి పుణెలో యంత్రం ఆగిపోయి, పదకొండు మంది కార్మికులు ఖాళీగా కూర్చున్నారు.

అందుకని, మారాల్సి వస్తే రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్, అంటే ఒకే బుకింగ్ సంఖ్య మీద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఆ సంస్థదే. సామానుకు కూడా చివరి ఊరి దాకా ఒకే చీటీ కడతారు. విడివిడిగా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టుకోండి. దేశం దాటే ప్రయాణమైతే ముందురోజే హైదరాబాదో చెన్నయో చేరి పడుకోండి.

ధరలు పోల్చేటప్పుడు మొదటి తెరమీద కనబడే అంకెను నమ్మకండి. సీటు, భోజనం, సామాను, చెల్లింపు రుసుము అన్నీ కలిసి చివరి తెరమీద వచ్చే అంకెనే పోల్చాలి. ఏజెంటు యాప్‌లో వంద రూపాయలు తక్కువ కనబడినా, నేను సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కొంటాను. విమానం రద్దయినప్పుడు మధ్యవర్తి ఉంటే సంస్థ ఏజెంటును అడగమంటుంది, ఏజెంటు సంస్థను అడగమంటాడు. డబ్బు వాపసు చేసే బాధ్యత ఎలాగూ విమాన సంస్థదే అని నిబంధన చెబుతోంది. కానీ కౌంటర్ ముందు నిలబడి ఆ మాట వాదించే ఓపిక అందరికీ ఉండదు.

టికెట్ రద్దు చేసుకున్నప్పుడు చాలామంది వదిలేసే డబ్బు ఒకటుంది. ‘వాపసు లేదు’ అని రాసి ఉన్న టికెట్‌లో కూడా ప్రభుత్వ పన్నులు, ప్రయాణికుల నుంచి విమానాశ్రయం పేరిట వసూలు చేసిన రుసుములు తిరిగి రావాలి. రద్దు రుసుము ఎట్టి పరిస్థితిలోనూ మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. ఇవి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ పెట్టిన నియమాలు. ఐదు వందలో ఎనిమిది వందలో అయినా అది మీ డబ్బే, అడిగి తీసుకోండి.

సంక్రాంతి సంగతి వేరే చెప్పాలి. భోగికి ముందు హైదరాబాద్ నుంచి విశాఖకు, కనుమ తర్వాత విశాఖ నుంచి హైదరాబాద్‌కు ధరలు మండిపోతాయి. ఎదురు దిశలో మాత్రం అదే రోజున సీట్లు ఖాళీగా ఉంటాయి. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు ఇక్కడికి రావడానికి బదులు పెద్దవాళ్లే అక్కడికి వెళ్లే ఇళ్లు నాకు తెలుసు. పండగ ఊళ్లోనే చేసుకోవాలనుకుంటే రాజమహేంద్రవరం విమానాశ్రయాన్ని కూడా చూడండి. మధురపూడిలో దిగి నాలుగు గంటల్లో విశాఖ చేరవచ్చు. తుని, అన్నవరం, కాకినాడ వైపు వాళ్లకైతే అదే దగ్గర.

కుటుంబంతో వెళ్లేవారికి ఒక మాట. 12 ఏళ్ల లోపు పిల్లలు ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నప్పుడు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన వారికి సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024లో సంస్థలను ఆదేశించింది. భయపడి సీట్లకు డబ్బు కట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. పెద్దవారికి చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ కొనేటప్పుడే అడగాలి. విమానాశ్రయానికి చేరాక అడిగితే వేచి ఉండాల్సి వస్తుంది.

మూడో మెట్టు: సామాను, ముఖ్యంగా ఆవకాయ

దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కు చాలా సంస్థలు ఇచ్చేది 15 కిలోల లోడింగ్ సామాను, అంటే కౌంటర్‌లో ఇచ్చేసే పెట్టె, చేతి సంచి 7 కిలోలు. వేలాడదీసి తూచే చిన్న త్రాసు ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. కౌంటర్ దగ్గర సూట్‌కేసు తెరిచి, అందరి ముందూ చీరలూ డబ్బాలూ బయటికి తీస్తున్న తల్లులను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. పది కిలోలు అదనంగా కావాలనుకుంటే ముందుగా ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్ దగ్గర కొనేదానికన్నా చవక.

విశాఖ నుంచి వెళ్లే పెట్టెల్లో ఏమేమి ఉంటాయో పైకెత్తి చూస్తేనే తెలిసిపోతుంది. మాడుగుల హల్వా, ఎండు రొయ్యలు, ఎండాకాలం దాటాక ఆవకాయ. మిరపకాయ పచ్చళ్లను చేతి సంచిలో అనుమతించరు, అవి లోడింగ్ సామానులోనే వెళ్లాలి. ఎండు చేపలు, రొయ్యలు వాసన బయటికి రాకుండా రెండు పొరల సంచిలో సీలు వేసి ఉండాలి, లేకపోతే కౌంటర్‌లోనే తిప్పి పంపుతారు. ఎండుకొబ్బరికి చేతి సంచిలోనూ చోటు లేదు, లోడింగ్‌లోనూ లేదు. దానిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే గుణం ఉందని నిషేధించారు. శబరిమల వెళ్లే అయ్యప్ప స్వాముల ఇరుముడిలోని కొబ్బరికాయకు మాత్రం మండల కాలంలో ప్రత్యేకంగా అనుమతి ఇచ్చిన సందర్భాలున్నాయి. దీక్షలో ఉన్నవారు ఆ ఏడాది ఆదేశం వచ్చిందో లేదో సంస్థను అడిగి బయలుదేరాలి.

ఆవకాయ దగ్గర కొంచెం ఆగుతాను. చేసిన చేతులకు ఎంత కష్టమో నాకు తెలుసు, అది పెట్టెలో కారిపోతే ఎంత బాధో కూడా తెలుసు. కారేది మూత వదులై కాదు. విమానం పైకి వెళ్లాక లోపలి గాలి పీడనం తగ్గుతుంది. దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉండే గాలితో సమానంగా ఉంచుతారు. సామాను గదిలోనూ అంతే. డబ్బాలో పచ్చడి పైన మిగిలిన ఖాళీలోని గాలి అప్పుడు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి దారి వెతుక్కుంటూ మూత మరల్లోంచి నూనెను తోసుకొస్తుంది. సగం నిండిన డబ్బా ఎక్కువగా కారడానికి కారణం ఇదే.

కాబట్టి ఇలా చేయండి. పచ్చడి కలిపిన వెంటనే ప్రయాణం పెట్టుకోకండి. మూడో రోజు తిరగకలిపి, ఊట దిగి, ముక్క సర్దుకునే దాకా కనీసం వారం ఆగండి. జాడీ, గాజు సీసా వద్దు. మందమైన ప్లాస్టిక్ డబ్బా, మరలు లోతుగా ఉన్నది తీసుకోండి. పచ్చడిని చెంచాతో నొక్కుతూ, మధ్యలో గాలి లేకుండా అంచు దాకా నింపి, పైన నువ్వుల నూనె పోయండి. ఖాళీ ఎంత తక్కువుంటే తోసే గాలి అంత తక్కువ. అంచును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి, నూనె ఉంటే మూత జారి బిగియదు. మందపాటి పాలిథిన్ ముక్క రెండు మడతలు వేసి నోటి మీద పరిచి, దాని మీద మూత బిగించండి. మూత చుట్టూ టేపు వేయండి, సాగదీస్తూ, మూత బిగిసే దిశలోనే చుట్టాలి. ఆ డబ్బాను నిలబెట్టి ఒక సంచిలో, ఆ సంచిని మరో సంచిలో, మొత్తాన్ని రెండు న్యూస్‌పేపర్లలో చుట్టండి. పేపరు రెండు పనులు చేస్తుంది. కొద్దిగా నూనె వస్తే పీల్చుకుంటుంది. దిగాక పేపరు పొడిగా ఉందా లేదా చూస్తే పెట్టెలో బట్టల సంగతి తెలిసిపోతుంది. డబ్బాను పెట్టె మధ్యలో, నాలుగు వైపులా దుప్పటి తగిలేలా ఉంచండి, అంచుకు పెట్టవద్దు.

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు దీనికి తలకిందులు. అవి లోడింగ్‌లో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీ కాలడం మొదలైతే మనుషుల మధ్య ఉంటే ఆర్పగలరు, కింద సామాను గదిలో ఆర్పలేరు. 100 వాట్ అవర్ దాకా అనుమతి, అది బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే దాదాపు 74 వాట్ అవర్ అన్నమాట, ఫరవాలేదు. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును తనిఖీలో తీసేసుకోవచ్చు. స్క్రూడ్రైవరు, పానా లాంటి పనిముట్లు మాత్రం తప్పనిసరిగా లోడింగ్‌లోకే.

మందులు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు, అసలు పత్రాలు ఎప్పుడూ చేతి సంచిలోనే. ఈ ఒక్క వాక్యానికి మినహాయింపు పెట్టుకోకండి.

నాలుగో మెట్టు: ప్రయాణం రోజు

రైల్వేస్టేషన్ నుంచి విమానాశ్రయానికి పది పన్నెండు కిలోమీటర్లే. కానీ ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ వచ్చాక కూడా సాయంత్రం వేళ, ఫ్యాక్టరీ బస్సులు తిరిగే సమయంలో, గాజువాక వైపు రహదారి నత్తనడక నడుస్తుంది. మధురవాడ నుంచో ఋషికొండ నుంచో వచ్చేవారు గంటంబావు పెట్టుకోండి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన కొత్త విమానాశ్రయానికి నగరం నుంచి నలభై కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి ప్రయాణమైతే ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. మధురవాడ వాళ్లకు దగ్గర, గాజువాక వాళ్లకు దూరం. టికెట్ మీద ఏ విమానాశ్రయమో చదివాకే ఆటో పిలవండి.

చాలా సంస్థలు దేశీయ విమానాలకు 60 నిమిషాల ముందు సామాను కౌంటర్, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. ఆన్‌లైన్‌లో బోర్డింగ్ పాసు తీసుకున్నా ఈ గడియారం మారదు. వచ్చే విమానం ఆలస్యమని యాప్‌లో కనబడినా ఇంట్లో కూర్చోకండి. కౌంటర్ మూసే వేళ చాలాసార్లు పాత సమయం ప్రకారమే ఉంటుంది. విమానం ఆలస్యం కదా అని ఆలస్యంగా వచ్చి ఆగిపోయినవారిని కళ్లారా చూశాను.

డిజియాత్ర విశాఖలో 2024 సెప్టెంబరు నుంచి ఉంది. ఆధార్‌తో నమోదు చేసుకుని, బోర్డింగ్ పాసును యాప్‌లో ఎక్కిస్తే ముఖం చూపించి లోపలికి వెళ్లవచ్చు. ఇది తప్పనిసరి కాదు, మామూలు వరస ఎప్పుడూ ఉంటుంది. గుర్తింపు కార్డు మాత్రం జేబులో ఉండాల్సిందే.

కౌంటర్‌లో సామాను ఇచ్చాక వాళ్లు కట్టిన చీటీ చదవండి. మూడు ఇంగ్లిషు అక్షరాలు పెద్దగా ఉంటాయి. మీరు చేరాల్సిన చివరి ఊరి అక్షరాలేనా? చీటీ ముక్కను జాగ్రత్త చేయండి, పెట్టెకు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత విమానం దగ్గరికి నడిచేటప్పుడు, రన్‌వే మీద ఉన్నప్పుడు ఫోను జేబులో పెట్టేయండి. ఇది నౌకాదళ స్థావరం, అక్కడ ఫొటోలు, వీడియోలు నిషేధం.

ఐదో మెట్టు: గాలిలో

విశాఖకు తిరిగి వచ్చేటప్పుడు విమానం సముద్రం వైపు నుంచి దిగితే ఎడమ కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కన ఓడరేవు కనబడతాయి. కుడి కిటికీలో బీచ్ రోడ్డు, దూరంగా కైలాసగిరి. ఇన్నేళ్లయినా నేను పుస్తకం మూసేసి కిటికీలోకే చూస్తాను.

చెవులు దిబ్బడ వేసేది ముఖ్యంగా దిగేటప్పుడు. పసిపిల్లలకు అప్పుడు పాలు పట్టండి, మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది. జలుబు గట్టిగా ఉంటే డాక్టర్ని అడిగి బయలుదేరండి.

ఋషికొండలో స్కూబా డైవింగ్ చేసిన పర్యాటకులు చాలామంది అదే సాయంత్రం విమానం ఎక్కేయాలని చూస్తారు. వద్దు. నీటిలో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానంలో పీడనం తగ్గగానే బుడగలుగా మారి ప్రాణం మీదికి తేగలదు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువసార్లు మునిగితే కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్య నిపుణులు సూచిస్తారు. డైవింగ్ మొదటి రోజు పెట్టుకోండి, అరకు చివరి రోజు పెట్టుకోండి.

ఆరో మెట్టు: ఆలస్యమైనా, రద్దయినా

ఇక్కడ తెలివి కన్నా వేగం ముఖ్యం. వచ్చే విమానం బయలుదేరలేదని తెలిసిన క్షణమే, అందరికన్నా ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లండి. అదే సమయంలో ఫోనులో సంస్థ యాప్ తెరిచి మారే అవకాశం ఉందేమో చూడండి. తర్వాతి విమానంలో మిగిలిన పది సీట్లు మొదటి పది మందికే దొరుకుతాయి.

మీ హక్కులు ఇవి. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, అంటే విశాఖ నుంచి దాదాపు ప్రతి దేశీయ విమానం, రెండు గంటలు ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు మించితే ప్రత్యామ్నాయ విమానమో, పూర్తి డబ్బు వాపసో మీరు కోరుకోవచ్చు. 24 గంటలు మించినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరాల్సినది ఆరు గంటలు మించి జారినా హోటల్ గది ఇవ్వాలి. రాత్రి తొమ్మిది విమానం తెల్లవారి నాలుగుకు వెళ్తుందంటే, ఇనుప కుర్చీలో నడుం వాల్చే ముందు ఈ నియమం ఎత్తి అడగండి. ముసలివాళ్లు పక్కన ఉంటే వాళ్ల తరఫున కూడా మీరే అడగండి. చాలాసార్లు అడిగినవారికే గది దొరుకుతుంది.

ముందుగా తెలపకుండా రద్దు చేస్తే, వాపసుతో పాటు పరిహారం కూడా ఉంది. గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకు 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. టికెట్ ఉన్నా సీట్లు ఎక్కువ అమ్మేసి మిమ్మల్ని ఆపేస్తే, గంట లోపు వేరే విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల లోపు ఇస్తే ఆ చార్జీకి రెండింతలు, గరిష్ఠంగా 10,000. అంతకు మించితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000.

తుపాను, పొగమంచు, భద్రతా కారణాల లాంటి సంస్థ చేతిలో లేని వాటికి పరిహారం రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మన టెర్మినల్ పైకప్పే ఎగిరిపోయి కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. అలాంటప్పుడు పరిహారం కోసం వాదించడం వృథా. కానీ రద్దయిన టికెట్ డబ్బు అప్పుడూ మీదే. కౌంటర్‌లో ‘వాతావరణం’ అంటే, ఏ ఊళ్లో వాతావరణమో మర్యాదగా అడగండి. వచ్చే విమానాన్ని మీరు గమనిస్తూనే ఉన్నారు కాబట్టి ఆ జవాబు నిజమో కాదో మీకు తెలుస్తుంది. ఏం చెప్పినా ఒక సందేశంగానో ఈమెయిల్‌గానో పంపమనండి.

2025 డిసెంబరు మొదటి వారంలో, పైలట్ల విశ్రాంతి గంటలపై కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాక, దేశమంతటా రోజూ వందల విమానాలు రద్దయ్యాయి. అలాంటి రోజుల్లో తర్వాతి విమానం కోసం ఎదురుచూడటం కన్నా రైలు చూసుకోవడం మంచిది. సికింద్రాబాద్‌కు వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. రాత్రి రైళ్లు ఉన్నాయి. ఏసీ తరగతుల తత్కాల్ ముందురోజు ఉదయం 10 గంటలకు తెరుస్తారు. రైలు టికెట్ చేతికొచ్చాకే విమానం డబ్బు వాపసు అడగండి, ముందు కాదు.

సంస్థ స్పందించకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. కోపం రాయకండి. పీఎన్‌ఆర్, తేదీ, ఎన్నింటికి బయలుదేరాల్సింది, ఎన్నింటికి బయలుదేరింది, ఎవరు ఏం చెప్పారు, మీకేం కావాలి. ఐదు వాక్యాలు, రెండు ఫొటోలు చాలు.

ఏడో మెట్టు: సామాను రాకపోతే

కన్వేయర్ బెల్టు ఆగిపోయి, మీ పెట్టె కనబడకపోతే బయటికి వెళ్లకండి. ఆ హాలులోనే సంస్థ వారి సామాను కౌంటర్ ఉంటుంది. సామాను రాలేదనో దెబ్బతిన్నదనో నమోదు చేసే పీఐఆర్ అనే ఫారం నింపించి, దాని సంఖ్య రాయించుకుని, అప్పుడే బయటికి రండి. గడప దాటాక వచ్చి అడిగితే మీ మాటకు సగం బలం పోతుంది. పెట్టె విరిగి ఉన్నా అక్కడే చూపించండి. రాతపూర్వక ఫిర్యాదుకు గడువు దెబ్బతిన్న సామానుకు 7 రోజులు, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజులు. దేశీయ ప్రయాణంలో సామానుకు సంస్థ బాధ్యత ఒక్కొక్కరికి గరిష్ఠంగా 20,000 రూపాయలు. అందుకే బంగారం, ల్యాప్‌టాప్ పెట్టెలో వేయవద్దు.

మొన్న వేసవి చివర్లో అమ్మను ఢిల్లీలో ఉన్న చెల్లి ఇంటికి తీసుకెళ్లాను. హైదరాబాద్‌లో మారాలి, ఒకే పీఎన్‌ఆర్. విశాఖకు రావాల్సిన విమానం గంటా పదిహేను నిమిషాలు వెనకబడింది. హైదరాబాద్‌లో మాకు మిగిలింది ముప్పై ఐదు నిమిషాలు. మేం ఎక్కగలిగాం, పెట్టె ఎక్కలేదు. ఢిల్లీలో బెల్టు ఖాళీగా రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

“పెట్టె పోయిందా నాన్నా?” అంది అమ్మ.

“పోలేదమ్మా, హైదరాబాద్‌లో ఉండిపోయి ఉంటుంది.”

“మందులు సంచిలోనే ఉన్నాయిలే. ఆవకాయే...” అని ఆగిపోయింది.

ఫారం నింపాను. చీటీ ముక్క, పెట్టె ఫొటో చూపించాను. చెల్లి చిరునామా, ఫోను నంబరు ఇచ్చి, సంఖ్య రాయించుకుని వచ్చాం. మరుసటి రోజు రాలేదు. ఆ సంఖ్యతో రెండుసార్లు ఫోన్ చేశాను. రెండో రోజు సాయంత్రం ఒక కుర్రాడు పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టాడు. సంతకం చేసే ముందు తెరిచి చూస్తామన్నాం, అతను సరే అన్నాడు. అమ్మ కింద కూర్చుని దుప్పటి మడతలు విప్పి, న్యూస్‌పేపరు చుట్టను రెండు చేతులతో బయటికి తీసింది. నాలుగు వైపులా తడిమి చూసింది. పేపరు పొడిగా ఉంది.

“అన్నం వేడిగా ఉందా?” అని చెల్లిని అడిగింది.